తెర మీదికి రాని ఊరు

కోయంబత్తూరు వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: "ఊటీ చూశారా?" చూడలేదు. ఊటీ కొండరైలు బయలుదేరే మేట్టుపాళయం వైపు సగం దాకా పోయి వెనక్కి తిరిగాను. మదురైలో మీనాక్షమ్మ గుడి గోపురాన్ని బస్సు కిటికీలోంచే దణ్ణం పెట్టుకుని వదిలేశాను. మరి ఈ వయసులో అంత దూరం పోయి ఏం చూసినట్టు? పాత వీడియో టేపులు చూశాను. వాటిలో కూడా బొమ్మలు కాదు, బొమ్మకు పైన కంటికి కనపడకుండా ఉండే నాలుగు గీతలు.

నేను టీవీ ప్రసార యంత్రాల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది కనుక ఎక్కడికి పోయినా ఏ పూట ఏం తిన్నదీ, ఎవరేమన్నదీ రాసి పెట్టుకుంటాను. రిటైరయ్యాక పాత టేపులు బాగుచేయడం కాలక్షేపమైంది. ఆ సంగతి ఎవరి ద్వారానో విని సింగానల్లూరు నుంచి సెంథిల్ అనే ఆయన ఫోన్ చేశాడు. మోటారు పంపుల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు ఆయనది.

"సార్, నాకు తెలుగు మాట్లాడ వస్తాది, చదవ రాదు. తప్పుంటే కోపం చేసుకోవద్దండి. మా నాయన కేబుల్ టీవీ నడిపిస్తా ఉండె. టీవీ బొమ్మలో దాచిపెట్టి అక్షరాలు పంపుతా ఉండె. టెలిటెక్స్ట్ అనేది. పోయినవి మళ్ళా తీయగలరా?"

ఆ మాట ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో. టేపులున్నాయా అని అడిగాను. అన్నీ భద్రంగా ఉన్నాయన్నాడు. ఆ "భద్రంగా" అంటే ఏమిటని అప్పుడే అడిగి ఉండవలసింది.

సింగానల్లూరు

నా వీసీఆర్‌ను రెండు పంచెల్లో చుట్టి, ల్యాప్‌టాప్‌తో పాటు పెట్టెలో పెట్టుకుని బయలుదేరాను. స్టేషన్‌లో తనిఖీ చేసిన కుర్ర పోలీసు వీసీఆర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏం మిషన్ తాతా?" అని అడిగి, నా జవాబు పూర్తయ్యేలోగా పొమ్మన్నాడు.

సెంథిల్ ఇంటికి ముందు భాగం వర్క్‌షాపు. లేత్ మిషన్ల చప్పుడు దాటి లోపలికి పోతే వసారాలో ఆయన మేనత్త లక్ష్మమ్మాళ్ కూర్చుని ఉంది. నా ఈడు మనిషి. మదురై పక్క ఊరికి కోడలిగా పోయి, భర్త పోయాక పుట్టింటికి వచ్చి తమ్ముడి దగ్గర ఉండిపోయింది. ఆ తమ్ముడే కేబుల్ వరదరాజులు, సెంథిల్ తండ్రి. ఆయన కూడా కరోనా కాలంలో పోయాడు.

"రాండన్నా, కాళ్ళు కడుక్కోండి. సందగె ఆరిపోతాది" అంది.

ఉడికిన బియ్యప్పిండి ముద్దను మన జంతికల గొట్టానికి తాత లాంటి ఇనుప మరలో పెట్టి తిప్పితే సన్నటి దారాలుగా దిగుతుంది. అదే సందగె. కొబ్బరిపాలూ బెల్లమూ పోసుకుని తింటారు. తింటున్నంతసేపూ నా చెవి ఆమె మాటల మీదే ఉంది. చీరను కోక అంటుంది, కొట్టును అంగడి అంటుంది. మా నాయనమ్మతోనే పోయాయనుకున్న మాటలు. వాటి మధ్యలోనే "ఆమా", "అప్పురం", "కొంజం" అని అరవ మాటలు ఏ గతుకూ లేకుండా దొర్లిపోతాయి. వీళ్ళు ఇక్కడికి వచ్చి వందల ఏళ్ళయింది. ఇంట్లో భాష తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లీషో. గోడ మీద క్యాలెండరు తమిళం, వర్క్‌షాపు బోర్డు ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఆ ఇంట్లో ఒక్కటి కూడా కనిపించలేదు.

తిన్నాక అసలు సంగతి చెప్పింది. వాళ్ళకు దారి చెప్పడం అని ఒక ఆచారం ఉంది. కొన్నేళ్ళకోసారి వంశంలో అన్ని శాఖల వాళ్ళూ చేరి కులదేవతకు పూజ చేస్తారు. ఆ పూజలో ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఇంటి పెద్ద ఆడపడుచు లేచి నిలబడి, ఉత్తరాన తెలుగు సీమ నుంచి తమ వాళ్ళు ఎట్లా వచ్చారో మజిలీ మజిలీగా చెప్పాలి. ఏ ఏరు దాటారు, ఎక్కడ ఎవరు పుట్టారు, ఎవరిని మట్టి చేసి వచ్చారు, అన్నీ. అందరికీ వినపడేటట్టు చెప్పాలి. బయలుదేరిన మొదటి ఊరి పేరు మాత్రం పైకి చెప్పకూడదు. వంగి దేవత చెవిలో చెప్పాలి. ఆ పేరు మేనత్త నోటి నుంచి మేనకోడలి చెవికి వస్తుంది. ఇంకెవరికీ తెలియదు.

"మా రంగమ్మత్త నాకు చెప్పాల్సింది. ఆమె మంచం పట్టినప్పుడు నేను బిడ్డ కాన్పని మదురైలో ఉంటిని. ఫోన్ వచ్చి, బస్సెక్కి, ఈడికి వచ్చేలోపల ఆమె నోరు పడిపోయింది. నా చెయ్యి పట్టుకునింది అంతే."

"తర్వాత పూజ జరగలేదా అమ్మా?"

"జరిగె. వరదు పక్కన నిలబడి ఒక్కొక్క మజిలీ అందించె. అత్త బతికున్నప్పుడే అన్నీ చెప్పించుకుని మిషన్‌లో కొట్టి పెట్టుకున్నాడు. మొదటి ఊరు చెప్పరా అంటే, 'ఉండాదిలే అక్కా, టీవీలో పెట్టినా, ఈ తడవకి ఊరకే వంగు చాలు' అనె. నేను వట్టిగా వంగి లేచినా. దేవతను మోసం చేసినట్టే కదా అన్నా?"

కేబుల్ అంతా డిజిటల్ అయినప్పుడు వరదరాజులు యంత్రాలతో పాటు కంప్యూటరు కూడా పాత సామాన్ల వాడికి పోయింది. ఇప్పుడు ఆదివారం పూజ. సెంథిల్ కూతురు దివ్య కాలేజీలో చదువుతోంది. ఆడపడుచు వరసలో తర్వాతి మనిషి ఆ పిల్లే. తాను పోయేలోగా ఆ పేరు పిల్ల చెవిన వేయాలని లక్ష్మమ్మాళ్ తపన. పైగా తెలుగు సీమలోని మజిలీలు కొన్ని ఆమెకు జ్ఞాపకం లేవు. సగం దారి చెప్పకూడదట. తెలియకపోతే అసలే మానేయాలి. మానేస్తే ఆ ఆచారం అక్కడితో సరి.

వరదరాజులు చేసిందేమిటో చెబుతాను. పాతకాలం టీవీలో బొమ్మ గీతలు గీతలుగా పై నుంచి కిందికి గీయబడుతుంది. అడుగు గీత అయ్యాక మళ్ళీ పైకి పోయే వ్యవధిలో కొన్ని గీతలు ఖాళీగా వస్తాయి. వాటిలో బొమ్మ ఉండదు, అవి తెర మీద కనపడవు. ఆ ఖాళీ గీతల్లో అక్షరాలను చుక్కలుగా మార్చి ఎక్కిస్తే, తగిన టీవీ ఉన్నవాళ్ళు రిమోట్‌లో మీట నొక్కి పేజీ నంబరు కొట్టి చదువుకోవచ్చు. ఒక పేజీకి ఇరవై నాలుగు వరుసలు, వరుసకు నలభై అక్షరాలు. ఆ టీవీలకు ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. వరదరాజులు బొంబాయి నుంచి ఎక్కించే యంత్రం ఒకటి పాతది తెచ్చి, నూలు ధరలూ టౌన్ బస్సుల వేళలూ పంపేవాడట. మిగిలిన పేజీల్లో రంగమ్మ చెప్పిన దారి. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. తన వాళ్ళు చదవగలిగినవి అవే కదా.

నేను ఇదంతా లక్ష్మమ్మాళ్‌కు చెబుతుంటే మధ్యలోనే అందుకుంది. వాళ్ళకు ఒకప్పుడు మగ్గాలుండేవి.

"రెండు కోకల నడుమ నెయ్యకుండా వదిలే పడుగు మాదిరి అనండి."

ఉద్యోగంలో ఎంతమందికో పాఠం చెప్పాను కానీ ఇంత సుళువుగా ఎప్పుడూ చెప్పలేదు.

"అదే అమ్మా. ఇప్పుడు టేపులు తెప్పించండి."

సెంథిల్ నవ్వుతూ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "అన్నీ దీంట్లో ఉండాయి సార్. టేపులు బూజు పడతా ఉండె. టౌన్‌లో అంగడికి ఇచ్చి మార్చినా."

"అసలు టేపులు?"

"పాత సామాన్ల వాడికి వేసేసినాం."

ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. బొమ్మ ముత్యంలా ఉంది. వినాయకుడి పండగ ఊరేగింపు, ఎవరిదో ఓణీల వేడుక, మిల్లు ఆయుధపూజ. బొమ్మ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడికి కోసేశారు. పైన ఒక్క గీత లేదు. అంగడివాణ్ణి అనడానికి లేదు. టేపు తెచ్చిన ఎవరికైనా కావలసింది బొమ్మే.

"బాగుండాది కదా సార్?" అన్నాడు సెంథిల్.

"చాలా బాగుంది" అన్నాను. నా మొహం చూసి లక్ష్మమ్మాళ్‌కే ముందు అర్థమైంది.

"కోకలు మడిచి పెట్టినారు. నడుమ నూలు కత్తిరించి పారేసినారు. అంతేనా అన్నా?"

సెంథిల్ పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "మంచిదనే చేసినా అత్తా" అన్నాడు. "తెలుసురా, పోయి కాఫీ తే" అంది ఆమె. కూరగాయల ధరల గురించి ఎంత మాట్లాడినా ఆ పూట ఇక మాటలు అతకలేదు.

సూలూరు

పాత మిల్లు సూపర్‌వైజరు కుప్పుసామి గారి దగ్గర అప్పట్లో ఆ అక్షరాలు చూపించే సింగపూర్ టీవీ ఉండేదని, ఆయన కనపడిందల్లా రికార్డు చేసేవాడని సెంథిల్‌కు గుర్తొచ్చింది. మర్నాడు సూలూరు పోయాం. వీధి పొడుగునా పవర్‌లూమ్ షెడ్లు. ఆ టకటకలో మాట్లాడుకోవాలంటే అరవాలి. అది సరిపోదన్నట్టు పైన వైమానిక దళం విమానాలు. ఆ ఊళ్ళో అందరూ కోపంగా ఉన్నారనుకున్నాను. కాదు, అందరూ మామూలుగా మాట్లాడుకుంటున్నారు.

"అక్షరాలా? వచ్చేది!" అని అరిచాడు కుప్పుసామి. "నూలు రేటు దాంట్లోనే చూస్తా ఉంటిని. మీరు ఆంధ్రానా? ఆంధ్రావాండ్లు ఇంత సన్నగా ఉంటారా?"

"రిటైరైనవాళ్ళు ఉంటారు."

"అది సరి!" అని భుజం చరిచాడు.

అటక మీద నుంచి దింపిన టేపుల్లో చాలావాటికి తెల్లటి బూజు. నడిచింది ఒక్కటే. అది ఆయన కూతురి పెళ్ళి. కెమెరాతో నేరుగా తీసింది కనుక పై గీతలు నిజంగానే ఖాళీ. మాకు దాంట్లో పనిలేదు. ఆపబోతే కుప్పుసామి నా చెయ్యి పట్టుకున్నాడు. తెర మీద ఒకావిడ పెళ్ళివాళ్ళకు చందనం గిన్నె అందిస్తూ కెమెరాను చూసి మొహం తిప్పుకుంది.

"మా ఇంటామె" అన్నాడు. ఈసారి అరవలేదు. "ఫోటోకి నిలబడదు. దీంట్లో ఉండాదని నాకు తెలీదు."

పెళ్ళి అయిపోయేదాకా కూర్చున్నాం. ఆమె మళ్ళీ కనిపించలేదు. వీసీఆర్ అక్కడే వదిలి పొమ్మంటే ఏం చెప్పాలా అనుకున్నాను. ఆయన అడగలేదు. నేనూ ఇస్తాననలేదు. అది ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "వరదరాజు దగ్గర వైరు లాగే దేవసహాయం అని ఉండె. ఇప్పుడు మదురైలో ఉండాడు. వాణ్ణి అడగండి" అన్నాడు.

మదురై

మదురైలో దేవసహాయం వాళ్ళుండేది వైగై ఒడ్డు దగ్గర ఒక వరస ఇళ్ళలో. మూల మీద చిన్న చర్చి. ఆ వీధిలో కూడా తెలుగే. అయితే లక్ష్మమ్మాళ్ తెలుగులా నిదానంగా నడవదు, పరుగెత్తుతుంది. కొందరు మున్సిపాలిటీలో, కొందరు ఆసుపత్రుల్లో, కొందరు కరెంటు పనుల్లో ఉన్నారు. దేవసహాయం ఇళ్ళకు వైరింగు చేస్తాడు.

"వరదరాజన్న కొడుకా! మీసం చూస్తేనే తెలస్తా ఉండాదే" అని సెంథిల్‌ను కావలించుకున్నాడు. ఆయన భార్య మరియమ్మ మాకు కుర్చీలు వేసింది. సెంథిల్ చిన్నగా నాతో అన్నాడు, కోయంబత్తూరులో తమ ఇంటికి వచ్చినప్పుడు దేవసహాయం ఎప్పుడూ వసారా మెట్టు మీదే కూర్చునేవాడని.

టేపు ఉంది. ఒక్కటే. క్రిస్మస్‌కు వీళ్ళ చర్చి పిల్లలు తెలుగు పాటలు పాడితే వరదరాజులు తన ఛానెల్‌లో వేశాడు. "మమ్మల్ని టీవీలో చూపించింది ఆ ఒక్క మనిషే సార్" అన్నాడు దేవసహాయం. "నేను ఆఫీసులోనే, మిషన్ దాటినాక వచ్చే వైరుకే వీసీఆర్ తగిలించి పట్టినా. ఏటేటా క్రిస్మస్‌కి చూస్తాం. చూసి చూసి అరిగిపోయింది."

అక్షరాలు ఎక్కించిన తర్వాతి తీగకే తగిలించాడు. అంటే టేపులో అవి ఉండాలి. పై గీతలను తెర మీదికి దించి చూశాను. ఆ గీతల్లో తెల్లచుక్కలు చీమలబారులా కదులుతున్నాయి. నేను సెంథిల్ చెయ్యి పట్టుకున్నాను కాబోలు, ఆయన ఏమైంది సార్ అన్నాడు.

వీడియో టేపు ఆ చుక్కలను సరిగా పట్టలేదు, అలికేస్తుంది. అయితే ఒకే పేజీ మాటిమాటికీ తిరిగి వస్తూ ఉంటుంది. ఒకసారి చెదిరిన అక్షరం ఇంకోసారి చెదరకపోవచ్చు. అన్నిసార్లూ వచ్చినవాటిని పోల్చి, ఎక్కువసార్లు కలిసిన అక్షరాన్ని ఉంచుకుంటూ పోవాలి. కంప్యూటరు చేస్తుంది కానీ నిదానంగా చేస్తుంది. మధ్యలో కరెంటు పోయింది. మరియమ్మ ఆ సందులో అన్నం వడ్డించింది. చింతపండు చిక్కగా పోసిన చేపల పులుసు.

"మీ ఆంధ్రా కారం లేదు సార్, అందుకని ఏడవద్దండి" అంది.

"కారం ఉంటేనే కదమ్మా ఏడిచేది?"

"మీవాండ్లు కారం లేకుంటే ఏడుస్తారంట కదా, విన్నా."

కరెంటు వచ్చాక మొదట తేలింది నూలు ధర, సగం అంకెలు లేకుండా. తర్వాత గాంధీపురం బస్సులు. దేవసహాయం "మా పదకొండో నంబరు!" అని చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత వచ్చింది దారి. ఒక్కో పేజీకి ఒక్కో మజిలీ. ఒక్కొక్కటే నేను పైకి చదువుతుంటే సెంథిల్ ఫోనులో కొట్టి పెట్టుకున్నాడు.

రెండో ఊరు చింతలగుంట. ఎడ్లకు గిట్టల జబ్బు వచ్చి ఒక వాన కాలం ఆగినాం. మూడు, ఎర్రమిట్ట. పెద్ద కోడలికి కవలలు, ఒకటి దక్కె. నాలుగు, పెన్న దాటినాం. చెప్పులు కుట్టేవాడు జ్వరంతో ఒడ్డునే ఆగిపోయె. అయిదు...

"ఆగండి సార్" అన్నాడు దేవసహాయం. "పేరు లేదా?"

"ఎవరి పేరు?"

"ఆ చెప్పులు కుట్టినాయన పేరు."

మళ్ళీ చూశాను. ఆ వరుస పక్కాగా వచ్చింది, అక్షరం చెదరలేదు. పేరు లేదు.

"ఆయన మావాడు సార్. మేమూ ఆ దారినే వచ్చినాం. వీళ్ళ బండ్ల ఎనక నడిచి. మాకు దారి చెప్పేవాండ్లు లేరు, అంతే." కోపంగా అనలేదు. పక్కింటి వాళ్ళ సంగతి చెప్పినట్టు అన్నాడు. సెంథిల్ తల వంచుకుని ఫోను చూసుకున్నాడు. మరియమ్మ కంచాలు తీసుకుని లోపలికి పోయింది.

మజిలీలన్నీ వచ్చాయి. మొదటి ఊరి పేజీ మాత్రం లేదు. ఇంక లేదనుకుని మూసేయబోతూ, అలవాటు కొద్దీ పేజీ నంబర్లన్నీ ఒకసారి వరసపెట్టి చూశాను. ఒకటి తేడాగా ఉంది. రిమోట్ మీద ఉండేవి అంకెలే. కానీ ఆ యంత్రాల లెక్కలో తొమ్మిది తర్వాత అక్షరాలు కూడా అంకెలుగా నడుస్తాయి. అట్లాంటి నంబరు పెట్టిన పేజీ తీగలో పోతూనే ఉంటుంది, ఏ ఇంట్లోనూ ఎవరూ దాన్ని తెర మీదికి పిలవలేరు. మేం పరీక్షల కోసం వాడుకునేవాళ్ళం. వరదరాజులు దాన్ని ఇందుకు వాడుకున్నాడు.

ఆ పేజీలో ఇట్లా ఉంది: "మొదటి ఊరు అత్తకు తెలీదు. అత్తకు ఆమె అత్త చెప్పలే. వంగి ఊరకే పెదాలు ఆడించినా అనింది. అక్కకు చెప్పొద్దు అనింది. నేను చెప్పలే. ఈడ పెట్టినా."

పెన్‌డ్రైవ్‌లో పోయిందనుకున్నది పెన్‌డ్రైవ్‌లో పోలేదు, రంగమ్మ కంటే ముందే పోయింది. దాన్ని వెతుక్కుంటూ నేను మోసుకొచ్చిన యంత్రాలన్నీ ఒక్కసారి బరువనిపించాయి.

మళ్ళీ సింగానల్లూరు

తిరుగు బస్సు దిండుక్కల్ దాటింది. సెంథిల్ అన్నాడు: "దొరకలేదని చెప్పేస్తే సార్? టేపు అరిగిపోయిందని. అత్త ఊరకే వంగుతాది. నాయన అదే కదా చేసినాడు."

"అప్పుడు దివ్యకు ఏం చెబుతుంది?"

వాళ్ళింటి పేజీ అది, చదివిన పాపానికి నాదైంది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజూ ఆ ఖాళీ గీతలను తెర మీద చూసి, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టి ఇంటికి పోయేవాణ్ణి. ఎవరు ఏ మాట ఎక్కించి పంపారో, అది ఎవరికి అందలేదో ఒక్కరోజైనా తలచుకున్న పాపాన పోలేదు.

లక్ష్మమ్మాళ్ వసారాలోనే ఉంది. మజిలీలు వినిపిస్తే వేళ్ళు మడుస్తూ, పెదాలు కదుపుతూ విన్నది. పెన్న ఒడ్డు దగ్గర దేవసహాయం అన్న మాట కూడా సెంథిలే చెప్పాడు. అన్నీ అయ్యాక, "మొదటిది?" అని నా వైపు చూసింది. సెంథిల్ కాదు, నేను చెప్పవలసి వచ్చింది. చదివి వినిపించాను.

ఆమె మళ్ళీ చదవమంది. చదివాను.

"అత్త నా చెయ్యి పట్టుకునింది కదా" అంది చివరికి. "పేరు చెప్పేదానికి నోరు రాక ఏడుస్తా ఉండాదని అనుకుంటిని. ఇన్నేళ్ళు. నేను ముందే వచ్చింటే చెప్పి ఉండునే అని ఇన్నేళ్ళు ఏడిస్తిని."

మళ్ళీ తనే, "వరదు ఇన్నేళ్ళూ పక్క గదిలోనే ఉండె. ఒక మాట చెప్పింటే పోయేది" అంది.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నన్ను అడిగింది: "చింతలగుంట యాడుండాది అన్నా? మీ పక్కనేనా?"

ఆ పేరున్న ఊరు మనవైపు ఒకటి కాదు. ఏదని చెప్పను? ఇంటికి వచ్చాక కూడా తెలిసినవాళ్ళను అడుగుతూనే ఉన్నాను. వలస పోయినవాళ్ళను ఏ చింతలగుంటా గుర్తుపెట్టుకోలేదు.

మేట్టుపాళయం దారిలో

ఆదివారం పూజకు నన్నూ తీసుకెళ్ళారు. మేట్టుపాళయం దారి నుంచి పక్కకు దిగితే వక్కతోటలు, వాటి వెనక వేపచెట్ల కింద పసుపు పూసిన దేవత రాళ్ళు. నాలుగు వైపుల నుంచి వంశం వాళ్ళు దిగారు. కార్లలో వచ్చినవాళ్ళున్నారు, టౌన్ బస్సులో వచ్చినవాళ్ళున్నారు. పొంగలి కుండలకు పొయ్యిలు పేర్చి ఉన్నాయి కానీ దారి చెప్పేదాకా ఎవరూ అగ్గిపుల్ల గీయరు. బయటివాళ్ళు ఆ రాళ్ళ చుట్టూ కట్టిన తాడుకు ఇవతలే ఉండాలి. నేను చెప్పులు విడిచిన చోట నిలబడ్డాను.

లక్ష్మమ్మాళ్ లేచింది. పక్కన దివ్య, పిల్ల పట్టుచీర కాళ్ళకు అడ్డం పడుతోంది. సెంథిల్ మజిలీలు అందించడానికి ఫోను తీసుకుని దగ్గరకు పోయాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అందరూ ఆమె వంగుతుందని చూస్తున్నారు. దివ్య చెవి ఒగ్గడానికి సిద్ధంగా ఉంది.

ఆమె వంగలేదు.

"మొదటి ఊరు తెలీదు" అంది, నిలబడే, తాడు ఇవతల నాకు కూడా వినపడేటట్టు. "రంగమ్మత్తకీ తెలీదు. ఆమెకి ముందు ఎవరికి తెలుసో, ఎవరి దగ్గర పోయిందో అదీ తెలీదు."

గుంపులో గుసగుసలు లేచాయి. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన కర్ర నేలకు తాటించాడు. "లచ్చుమీ, ఏం మాట ఇది? అది మెల్లిగా చెప్పాల కదమ్మా. వంగి చెప్పాల."

"మెల్లిగా చెప్పి చెప్పే పోగొట్టుకున్నాం మామా. మొదట మరిచినామె ఒక్క మాట గట్టిగా అనింటే, పక్కన కూసున్న ఎవురికో ఒకరికి గుర్తుండేది."

పెద్దాయన కర్రను ఒళ్ళోకి తీసుకున్నాడు. వెనక ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ లేచి పోలేదు.

లక్ష్మమ్మాళ్ దివ్య వైపు తిరిగి, "నా ఎనకే చెప్పు" అని మొదలుపెట్టింది. రెండో ఊరు చింతలగుంట. ఎడ్లకు గిట్టల జబ్బు. పిల్ల గొంతు సన్నగా వెంట వచ్చింది. ఎర్రమిట్ట, కవలల్లో ఒకటి దక్కె. పెన్న దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. ఆమె మరిచిపోయిందేమో అని సెంథిల్ ఫోను చూసి అందించబోయాడు. మరిచిపోలేదు.

"చెప్పులు కుట్టినాయన జ్వరంతో ఒడ్డునే ఆగిపోయె" అంది. "ఆయన పేరు కూడా తెలీదు."

దివ్య ఆ రెండు మాటలూ అంతే గట్టిగా చెప్పింది.